కుర్చీని చూపించి సంగతి దాచకండి: మ్యూజియం నిర్వాహకులకు బహిరంగ లేఖ

మ్యూజియం డైరెక్టర్లకు, క్యూరేటర్లకు, ప్రదర్శనల బాధ్యత చూసే అధికారులందరికీ,

నమస్కారం.

నేను బొమ్మలు వేయడం నేర్పే టీచర్ని. నా దగ్గర నేర్చుకునే పిల్లల్ని, వాళ్ళ ఇంట్లోవాళ్ళని వెంటబెట్టుకుని ప్రదర్శనలకు వెళ్తుంటాను. రోజూ వాడే వస్తువులతో, ఎవరైనా చేయగలిగే మామూలు పనులతో తయారయ్యే, వస్తువు కంటే ఆలోచనే ముఖ్యమైన కళ, అంటే కాన్సెప్చువల్ ఆర్ట్, నాకు చాలా ఇష్టం. మీరు దాన్ని సేకరించి, కాపాడి, నలుగురికీ చూపిస్తున్నందుకు కృతజ్ఞతలు. అయితే మీరు చూపిస్తున్న తీరు వల్ల అది జనం దాకా రావడం లేదు. ఈ సంగతి సందర్శకుల పుస్తకాల్లో రాశాను. ఆఫీసులకు ఉత్తరాలు పంపాను. "మీ సూచన అందింది, ధన్యవాదాలు" అనే రెడీమేడ్ జవాబు తప్ప ఇంకేమీ రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

నా ఫిర్యాదు ఇది. ఈ కళలో వస్తువు సగమే. ఆ వస్తువుతో కళాకారుడు ఏం చేశాడు, మనల్ని ఏం చేయమన్నాడు అన్నది మిగతా సగం. మీరు మొదటి సగాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, రెండో సగాన్ని మీ ఫైళ్ళలో ఉంచేసుకుంటున్నారు.

ఒక కొండ బొమ్మ గోడకి వేలాడుతుంటే, దాని గురించి ఏమీ తెలియనివాళ్ళు కూడా రంగులు చూస్తారు, చేతి పనితనం చూస్తారు. 1965లో జోసెఫ్ కొసుత్ అనే కళాకారుడు చేసిన పని అలాంటిది కాదు. ఒక కుర్చీ, ఆ కుర్చీ ఫొటో, డిక్షనరీలో కుర్చీకి ఇచ్చిన అర్థం, ఈ మూడూ పక్కపక్కన ఉంటాయి. వీటిలో ఏది కుర్చీ అని ఆయన అడుగుతున్నారు. ఆ ప్రశ్న అందనివాళ్ళకి అక్కడ ఒక పాత కుర్చీ, ఒక ఫొటో, ఒక కాగితం తప్ప ఏమీ ఉండవు.

ఈ కళ పుట్టినప్పటి నుంచీ మాటని వెంటబెట్టుకునే వచ్చింది. 1917లో మార్సెల్ డ్యుషాంప్ అనే కళాకారుడు ఒక పింగాణీ యూరినల్ మీద "ఆర్. మట్" అని సంతకం చేసి న్యూయార్క్‌లో ఒక ప్రదర్శనకి పంపారు. ఆరు డాలర్ల ఫీజు కట్టిన ఎవరి పనినైనా తీసుకోవాలన్నది అక్కడి నియమం. అయినా నిర్వాహకులు దాన్ని పెట్టనివ్వలేదు. అప్పుడు ఆయన స్నేహితులు ఒక చిన్న పత్రికలో ఆ వస్తువు ఫొటో వేసి, పక్కన తమ వాదన కూడా రాశారు. దాన్ని ఆయన తన చేతులతో చేశాడా లేదా అన్నది ముఖ్యం కాదు, మామూలు వస్తువుని ఎంచుకుని, దాని వాడుక మరుగయ్యేలా కొత్త పేరుతో కొత్త చోట పెట్టాడు, ఆ వస్తువు గురించి ఒక కొత్త ఆలోచన పుట్టించాడు అన్నది ఆ వాదన. చదవడం వచ్చిన ఎవరికైనా అర్థమయ్యే మాటలే అవి. వందేళ్ళు దాటాక మీ గోడల మీద అంత తేలిగ్గా అర్థమయ్యే మాట దొరకడం కష్టమైపోయింది.

మీ తీరు వల్ల ఎవరికి ఏం నష్టం జరుగుతోందో చెప్తాను.

1. లేబుల్ చదివినవాళ్ళు తమకే తెలివి లేదనుకుంటున్నారు.

కళాకారుడి పేరు, పుట్టిన సంవత్సరం, "మిక్స్‌డ్ మీడియా, కొలతలు మారుతుంటాయి", ఇచ్చిన దాత పేరు. చాలా చోట్ల లేబుల్ మీద ఉండేది ఇంతే. ఇంకో పేరా ఉంటే అది తోటి క్యూరేటర్లు చదవడానికి రాసినట్టుంటుంది. అస్తిత్వం, ప్రాతినిధ్యం, విచ్ఛిన్నత లాంటి మాటలు వరసగా వస్తాయి. ఎదురుగా ఉన్న బకెట్ ఎక్కడిది, అందులో నీళ్ళు ఎవరు పోశారు, ఎందుకు పోశారు అన్నవి మాత్రం ఉండవు.

పిల్ల అడుగుతుంది, "ఇదేంటి తాతయ్యా?" అని. ఆయన లేబుల్ చదువుతారు, మళ్ళీ చదువుతారు, ఏమీ చెప్పలేక పక్క గదికి తీసుకెళ్తారు. ఆ పెద్దాయన జీవితమంతా వస్తువులతో పనిచేసినవారే కావచ్చు. రేకు వంచడం, తాడు పేనడం, చెక్క చిత్రిక పట్టడం తెలిసినవారే కావచ్చు. ఈ కళ గురించి మాట్లాడే అర్హత అందరికంటే ఎక్కువగా ఆయనకే ఉంది. ఆయన్నే మీరు మూగవాణ్ణి చేస్తున్నారు.

లేబుల్‌లో రెండు మాటలు తీసేస్తే ఏం పోతుందో చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో జరిగిన సంగతి చెప్తుంది. ఫెలిక్స్ గొంజాలెజ్ టోరెస్ 1991లో చేసిన పని అక్కడుంది. మెరిసే కాగితాల్లో చుట్టిన చాక్లెట్లు గది మూలలో కుప్పగా పోసి ఉంటాయి. కుప్ప ఉండాల్సిన బరువు 175 పౌండ్లు, అంటే దాదాపు 79 కిలోలు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కటి తీసుకోవచ్చు. తరిగిన కుప్పని మ్యూజియం మళ్ళీ నింపవచ్చు. ఆ పని పేరులోనే ఆయన సహచరుడు రాస్ ఉన్నాడు. రాస్ అదే ఏడాది ఎయిడ్స్‌తో చనిపోయాడు. ఇది తెలిశాక ఆ చాక్లెట్ చేతిలోకి తీసుకోవడం వేరు. ఒక మనిషి రోజురోజుకీ తరిగిపోవడంలో మన చెయ్యి కూడా కలుస్తుంది, మళ్ళీ నిండడంలో ఒక ఆశ కూడా ఉంటుంది. 2022లో అక్కడి లేబుల్ వివరణలో రాస్ ఎవరన్నదీ, ఎయిడ్స్ ప్రస్తావనా లేవని సందర్శకులు గమనించి గట్టిగా అడిగారు. మ్యూజియం లేబుల్ మార్చింది. వస్తువు అదే, మూల అదే, బరువు అదే. రెండు మాటలు లేకపోతే ఒక మనిషి చావు మొత్తం గదిలోంచి మాయమైపోయింది. అడిగితే తిరిగొచ్చింది కూడా. కాబట్టి ఇది మీ చేతిలో లేని పనేమీ కాదు.

తేలిక మాటల్లో రాస్తే లోతు పోతుందని మీలో కొందరు ఎదురుపడినప్పుడు నాతో అన్నారు. తెహ్‌చింగ్ షియే అనే కళాకారుడు చేసిన పనికి నేనే ఒక లేబుల్ రాసి చూపిస్తాను:

"1980 ఏప్రిల్ 11 నుంచి 1981 ఏప్రిల్ 11 దాకా ఈయన న్యూయార్క్‌లోని తన స్టూడియోలో రాత్రీ పగలూ గంటకోసారి, పనివాళ్ళు హాజరు వేసే ఈ మెషీన్‌లో కార్డు పంచ్ చేశారు. పంచ్ చేసిన ప్రతిసారీ కెమెరాతో ఒక ఫ్రేమ్ తీసుకున్నారు. మొదట గుండు చేయించుకున్నారు. ఫిల్ములో జుట్టు పెరగడం చూస్తే ఎంత కాలం గడిచిందో తెలుస్తుంది. ఏడాదిలో 8,760 గంటలు. 133 సార్లు తప్పింది. అందులో 94 సార్లు నిద్రలో ఉండిపోయారు. తప్పినవి కూడా దాచకుండా లెక్క రాసి పెట్టారు."

నైట్ డ్యూటీ చేసే మనిషికి దీని మీద ఇంకెవరి వ్యాఖ్యానమూ అక్కర్లేదు. గంటకి మించి కన్ను మూయలేని ఏడాది అంటే ఏమిటో ఆ మనిషికి మీకంటే, నాకంటే బాగా తెలుసు. లోతు ఎక్కడా పోలేదు. దాని చుట్టూ ఉన్న కంచె తీశాం, అంతే.

2. చేయడానికి పుట్టిన పనులని చూడ్డానికి మాత్రమే ఉంచుతున్నారు.

బ్రెజిల్ కళాకారిణి లిజియా క్లార్క్ 1960 ప్రాంతంలో లోహపు పలకలని మడతబందులతో కలిపి, చేత్తో మడిచి, తిప్పి రకరకాల ఆకారాల్లోకి మార్చుకునేలా చేశారు. పట్టుకుని కదిపితేనే ఆ పని పూర్తవుతుంది. ఇవాళ అవి చాలా చోట్ల కదలకుండా, తాకనివ్వకుండా ఉంటున్నాయి. 1963లో ఆవిడ చేసిన ఇంకో పనికి కాగితం, జిగురు, కత్తెర చాలు. కాగితపు పట్టీని ఒక మెలిక తిప్పి అంటించాలి, మధ్యలోంచి పొడుగునా కత్తిరించుకుంటూ పోవాలి. ఎటు కత్తిరించాలో ప్రతి చుట్టులోనూ మనమే తేల్చుకోవాలి, పట్టీ సన్నబడి ఇక కత్తిరించలేని దాకా. నా క్లాసులో పిల్లలకి ఇది చేయించినప్పుడు గది నిశ్శబ్దమైపోతుంది. అదే పిల్లలు మ్యూజియంలో దాని ఫొటో ముందు ఒక్క క్షణం నిలబడి వెళ్ళిపోతారు. తప్పు వాళ్ళది కాదు.

బ్రెజిల్ కళాకారుడు హీలియో ఓయిటిసికా గుడ్డలు, ప్లాస్టిక్ షీట్లతో ఒంటికి చుట్టుకుని నాట్యం చేసే పై వస్త్రాలు తయారుచేశారు. 1965లో రియో డి జనీరో ఆధునిక కళా మ్యూజియంలో ప్రదర్శన మొదలైన రోజున మంగేరా కొండవాడలోని సాంబా కళాకారులు అవి వేసుకుని వచ్చారు. వాళ్ళని లోపలికి రానివ్వలేదు. వాళ్ళు బయటే ఆడారు. ఇప్పుడు ఆ వస్త్రాలు మ్యూజియంలోపల ఉన్నాయి. వాటిని వేసుకుని ఆడే మనుషులకి ఇంకా ఎన్ని చోట్ల "తాకరాదు" బోర్డు ఎదురవుతోందో మీరే ఆలోచించండి.

యోకో ఓనో 1964లో టోక్యోలో అచ్చు వేసిన పుస్తకం నిండా సూచనలే, ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు, మనసులో కూడా చేసుకోవచ్చు. జార్జ్ బ్రెక్ట్ ఒక పాత్రలోకి నీటి చుక్కలు పడడాన్ని సంగీతం అన్నారు, ఒక చిన్న కార్డు మీద రాసి ఇచ్చారు. అలిసన్ నోల్స్ 1962లో లండన్‌లో ప్రేక్షకుల ముందు సలాడ్ కలిపి అందరికీ వడ్డించారు. ఆ కార్డులు ఇప్పుడు మీ దగ్గర అద్దం కింద, మసక వెలుతురులో, వంగి చూసినా చదవలేనంత చిన్న అక్షరాలతో ఉంటాయి. పక్కన ఒక పాత్ర, కాసిని నీళ్ళు పెట్టడానికి ఏం అడ్డు?

ఇందులో అందరికంటే ఎక్కువ నష్టపోయేది చూపు లేనివాళ్ళు. చేత్తో తడిమి, చెవితో విని తెలుసుకునేలా చేసిన కళని కూడా వాళ్ళకి అందకుండా చేయడం అన్యాయం. మీ గార్డుల మీద పడుతున్న టెన్షన్ కూడా చూడండి. ఒక గదిలో చాక్లెట్ తీసుకోవచ్చు, పక్క గదిలో కాగితం ముట్టుకోకూడదు. ఏది ఏదో గోడ మీద రాయరు. రోజంతా నిలబడి, "వద్దండీ" అని వందల మందికి చెప్పి, వాళ్ళ చేత మాటలు పడాల్సింది ఆ గార్డులే.

పాతవి అరిగిపోతాయి అన్న మీ భయం నాకు అర్థమవుతుంది. మడతబందులు అరుగుతాయి, నిజమే. కానీ 2014లో న్యూయార్క్ మోమా మ్యూజియం క్లార్క్ ప్రదర్శన పెట్టినప్పుడు చేత్తో పట్టుకోవడానికి నకళ్ళు కూడా పెట్టింది. ఆరోగ్యానికి ప్రమాదం ఉంటే ఆపాల్సిందే, దాని మీద నాకు వాదన లేదు. 2010లో లండన్ టేట్ మోడరన్ మ్యూజియంలో చైనా కళాకారుడు ఐ వైవై పరిచిన పింగాణీ పొద్దుతిరుగుడు గింజల మీద మొదట నడవనిచ్చారు. దుమ్ము లేస్తోందని కొద్ది రోజులకే ఆపేశారు, కారణం బహిరంగంగా చెప్పారు. అలా చెప్పండి, జనం అర్థం చేసుకుంటారు.

3. శుభ్రం చేసేవాళ్ళు నవ్వులపాలవుతున్నారు.

ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. 2011లో జర్మనీలోని డార్ట్‌మండ్‌లో మార్టిన్ కిప్పెన్‌బెర్గర్ చేసిన పనిలో ఒక తొట్టి అడుగున మరకలా కనిపించేలా వేసిన రంగుని, శుభ్రం చేసే ఆమె మురికి అనుకుని తోమేసింది. ఆ పని విలువ 8 లక్షల యూరోలు. 2004లో లండన్ టేట్ బ్రిటన్ మ్యూజియంలో గుస్టావ్ మెట్జ్‌గర్ ప్రదర్శనలో భాగమైన చెత్త సంచిని చెత్తలో వేసేశారు. 2015లో ఇటలీలోని బోల్జానోలో ఖాళీ సీసాలు, రంగు కాగితాలతో గదిలో అమర్చిన ఒక పనిని మొత్తం ఊడ్చి సంచుల్లోకి ఎత్తేశారు. జోసెఫ్ బాయ్స్ 1982లో డ్యుసెల్‌డార్ఫ్ ఆర్ట్ అకాడమీ గది మూలలో పెట్టిన వెన్న ముద్దని, ఆయన చనిపోయాక 1986లో తుడిచేశారు. ఆ గొడవలో చివరికి 40,000 మార్కుల పరిహారం కట్టాల్సి వచ్చింది.

ఇలాంటిది జరిగిన ప్రతిసారీ పేపర్లలో అదే నవ్వు. పనిమనిషికి కళ తెలియదట! నేను దీన్ని ఒప్పుకోను. వాళ్ళ పని గది శుభ్రంగా ఉంచడం. వాళ్ళు ఆ పని శ్రద్ధగా చేశారు. ఏది ముట్టుకోవాలో, ఏది వద్దో, ఎందుకు వద్దో కుదురుగా కూర్చోబెట్టి చెప్పాల్సిన బాధ్యత మీది. కాంట్రాక్టు మీద వచ్చి, తెల్లవారుజామున ఎవరూ లేనప్పుడు పనిచేసి వెళ్ళే మనిషికి ప్రారంభోత్సవం పిలుపు ఉండదు, క్యూరేటర్‌తో పరిచయం ఉండదు. పొరపాటు జరిగితే పోయేది ఆ మనిషి ఉద్యోగం.

మంచిగా నడుచుకున్నవాళ్ళూ ఉన్నారు. 2024లో నెదర్లాండ్స్‌లోని లిస్సెలో లామ్ మ్యూజియంలో రెండు నలిగిన బీరు డబ్బాలని లిఫ్ట్ మెకానిక్ చెత్తబుట్టలో పడేశాడు. నిజానికి అవి కళాకారుడు చేత్తో రంగులు వేసిన పని. ఆ మనిషి తన పని మంచి ఉద్దేశంతోనే చేశాడని మ్యూజియం అతని వైపు మాట్లాడింది. డబ్బాలు దొరికాయి, కడిగి మళ్ళీ పెట్టారు.

శుభ్రం చేయడమే కళ అని చెప్పిన మియర్ల్ లేడర్‌మన్ యుకెలీస్‌ని మీరంతా గౌరవిస్తారు. 1969లో, తల్లి అయిన కొత్తలో, ఇల్లు తుడవడం, బట్టలు ఉతకడం, పిల్లని చూసుకోవడం కూడా కళే అని ఆవిడ ప్రకటన రాశారు. 1973లో హార్ట్‌ఫర్డ్ మ్యూజియం మెట్లు కడిగారు. 1979, 80లలో న్యూయార్క్ పారిశుధ్య కార్మికులు 8,500 మందితో ఒక్కొక్కరితో చేతులు కలిపి, ఈ నగరాన్ని బతికిస్తున్నందుకు థాంక్స్ అని చెప్పారు. ఆ ఫొటోలు మీ గోడల మీద ఉన్నాయి. ఆ గోడల కింద నేల తుడిచే మనిషి పేరు మీ గదుల్లో ఎంతమందికి తెలుసు?

4. చేసిన చేతుల పేర్లు కనిపించడం లేదు.

ఐ వైవై పరిచిన ఆ పింగాణీ గింజల సంఖ్య పది కోట్లు. చైనాలోని జింగ్‌డెజెన్‌లో దాదాపు 1,600 మంది రెండేళ్ళకి పైగా కూర్చుని చేత్తో రంగులు అద్దారు. మన దేశపు కళాకారిణి షీలా గౌడ సూది బెజ్జాల్లోంచి దారాలు లాగి, వాటిని కలిపి, కుంకుమ పట్టించి, గదిలో పారే ఎర్రటి తాళ్ళు చేశారు. ఆడవాళ్ళ చేతి పని ఏమిటో, అందులో నొప్పి ఏమిటో ఆ తాళ్ళని చూస్తే తెలుస్తుంది. 2002లో ఫ్రాన్సిస్ అలీస్ అనే కళాకారుడు పిలిస్తే పెరూ దేశంలోని లిమా దగ్గర 500 మంది వలంటీర్లు పారలతో ఇసుక దిబ్బని కాస్త పక్కకి జరిపారు.

ఇక్కడ పని చేసినవాళ్ళ గురించి చెప్పకపోతే అసలు సంగతే చెప్పనట్టు. సాల్ లెవిట్ అనే కళాకారుడు 1968 నుంచి గోడ బొమ్మలకి సూచనలు రాసి ఇచ్చేవారు, వేరేవాళ్ళు వేసేవాళ్ళు. మొదటిసారి ఎవరు వేశారో ఆ పేర్లు రాసి ఉంచే పద్ధతి ఆయన పనులకి ఉంది. అమెరికాలో మసాచుసెట్స్‌లోని మాస్ మోకా మ్యూజియంలో ఆయన గోడ బొమ్మలు 105 ఉన్నాయి, అక్కడి లేబుళ్ళ మీద ఆ పేర్లు చదవచ్చు. ఒకచోట సాధ్యమైనది మిగతా చోట్ల ఎందుకు కాదు?

5. ధర మాత్రం అందరికీ తెలుస్తోంది.

గోడకి టేపుతో అతికించిన అరటిపండు గురించి వినని మనిషి లేడు. అది మౌరిజియో కాటెలాన్ అనే కళాకారుడు 2019లో పెట్టిన పని. 2024లో వేలంలో 62 లక్షల డాలర్లకి పోయింది. ఆ రోజు వాడిన పండుని వీధిలో 35 సెంట్లకి అమ్మిన బండి మనిషి, సంగతి తెలిసి కన్నీళ్ళు పెట్టుకున్నట్టు పత్రికల్లో వచ్చింది. జనానికి ఈ కళ గురించి చేరుతున్నది ఇదొక్కటే. అంకె విని, ఇదంతా డబ్బున్నవాళ్ళ ఆట అనుకుంటున్నారు. పక్కనే ఖర్చు లేకుండా ఎవరైనా చేసుకోగల వందల పనులు మీ స్టోర్ గదుల్లో ఉన్నాయి. వాటి గురించి మీరు గట్టిగా మాట్లాడితే ఈ అపోహ ఇంతగా పెరిగేది కాదు.

నకళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డ్యుషాంప్ 1917 నాటి యూరినల్ పోయింది. మిగిలింది ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ తీసిన ఫొటో. మ్యూజియంలలో మనం ఎక్కువగా చూసేవి 1964లో ఆయన అనుమతితో చేయించినవి. ఇది దాచాల్సిన విషయం కానే కాదు, ఆ కళకి ప్రాణం లాంటి విషయం. అయినా లేబుల్ మీద ఒక మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది. వెళ్ళినవాళ్ళు అసలుదే చూశామనుకుని వస్తున్నారు.

"వివరిస్తే చూసేవాళ్ళ స్వేచ్ఛ పోతుంది, ఎవరికి తోచిన అర్థం వాళ్ళు తీసుకోవాలి" అన్నది మీ నుంచి నేను ఎక్కువగా విన్న మాట. అర్థం చెప్పమని నేను అడగడం లేదు. ఏం జరిగిందో చెప్పమంటున్నాను. ఎవరు, ఎప్పుడు, దేనితో, ఏం చేశారు. ఆ తర్వాత అర్థం మేమే తేల్చుకుంటాం. కళాకారులే మాటలకి భయపడలేదు. 1973లో మైకేల్ క్రెయిగ్ మార్టిన్ అద్దపు అర మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి, ఇది ఓక్ చెట్టు అన్నారు. పక్కనే ప్రశ్నలు, జవాబులు రాసిన కాగితం కూడా పెట్టారు. చూసేవాళ్ళకి వచ్చే సందేహాలన్నీ అందులో ఆయనే అడిగి, ఆయనే జవాబిచ్చారు. ఒప్పుకోవచ్చు, మానుకోవచ్చు. ఆ కాగితం లేకపోతే మిగిలేది గ్లాసు.

కాబట్టి ఇవి మా డిమాండ్లు:

1. ప్రతి పని పక్కనా ఏ వస్తువు, ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు అన్నది స్థానిక భాషలో, ఎనిమిదో తరగతి పిల్లలకి అర్థమయ్యే మాటల్లో రాయాలి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళకి అందే ఎత్తులో, కళ్ళజోడు పెద్దవాళ్ళు చదవగలిగే అక్షరాల్లో ఉండాలి. అచ్చుకి వెళ్ళే ముందు ఆ మాటలని మీ గార్డులకి, ఒక స్కూల్ క్లాసుకి చదివి వినిపించండి. వాళ్ళకి అర్థం కాకపోతే తిరగరాయండి.

2. తాకవచ్చా, తీసుకోవచ్చా, చేయవచ్చా అన్నది లేబుల్‌లో మొదటి వాక్యంగా ఉండాలి. ఒకప్పుడు తాకనిచ్చి ఇప్పుడు ఆపితే ఎందుకు ఆపారో రాయాలి.

3. సూచనల మీద నడిచే పనులు చూపించేటప్పుడు, వాటిని అక్కడే చేసి చూసే బల్ల ఒకటి పెట్టాలి. కాగితం, కత్తెర, పాత్ర, నీళ్ళు, కుర్చీ చాలు. పాతవి అరుగుతాయనుకుంటే, కళాకారులో వాళ్ళ వారసులో ఒప్పుకున్న చోటల్లా నకళ్ళు చేయించండి. వాటిని చూపు లేనివాళ్ళకి ముందుగా అందించండి.

4. ప్రదర్శన తెరవడానికి ముందు మొదటి పరిచయం శుభ్రం చేసేవాళ్ళకి, గార్డులకి, కరెంటు, లిఫ్ట్ పనివాళ్ళకి ఇవ్వాలి. కాంట్రాక్టు మీద వచ్చేవాళ్ళకి కూడా. ఆ గంటకి జీతం కట్టివ్వాలి. వాళ్ళకి చెప్పకుండా జరిగిన ఏ పొరపాటుకీ వాళ్ళ మీద చర్య ఉండకూడదు, వాళ్ళ వివరాలు పత్రికలకి ఇవ్వకూడదు.

5. చేసిన చేతుల పేర్లు, వాళ్ళు ఒప్పుకున్న మేరకు, కళాకారుడి పేరు కింద రాయాలి. నకలైతే నకలని, ఎప్పుడు చేసిందో పెద్ద అక్షరాల్లో చెప్పాలి.

6. సందర్శకులు రాసిన ప్రతి ఉత్తరానికీ ఒక అధికారి సంతకంతో జవాబు రావాలి. చేస్తాం, చేయం, ఎందుకు చేయం, ఈ మూడింటిలో ఏదో ఒకటి అందులో ఉండాలి.

వీటిలో మొదటి దానికి, రెండో దానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. తర్వాతి ప్రదర్శన నుంచే మొదలుపెట్టవచ్చు. ఎవరైనా మొదలుపెడితే లేబుళ్ళు చదివి చూడ్డానికి, తిరగరాయడంలో సాయం చేయడానికి నేను, నా దగ్గర నేర్చుకునే పిల్లలు, వాళ్ళ ఇళ్ళలోని పెద్దవాళ్ళు సిద్ధంగా ఉన్నాం. మీ జవాబు కూడా ఈ ఉత్తరంలాగే అందరూ చదివేలా ఇవ్వమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ గదుల్లో తరచూ కనిపించే ఒక బొమ్మల టీచరు